నన్ను దించకుండా భూమి కొనకండి

నేను ఒక ఖాస్రా పహాణీని. పేరు చూసి భయపడకండి. ఊళ్లో ఏ సర్వే నంబరులో ఎంత భూమి ఉంది, అది ఎవరిది, ఎవరు దున్నుతున్నారు, ఏం పండిస్తున్నారు అని ఏటేటా రాసే పుస్తకాన్ని మా తెలంగాణలో పహాణీ అంటారు. 1954-55లో మాత్రం ఊరూరా పొలం పొలం తిరిగి, ఉన్నది ఉన్నట్టు రాయించారు. ఆ ఏటి పుస్తకానికి ఖాస్రా అని పేరు. గుండ్లపాడు అనే ఊరికి ఆ పుస్తకం నేనే. నా అట్ట ఊడిపోయింది, అంచులు చెదలు తినేశాయి, నన్ను ముట్టుకున్నవాళ్లు వెంటనే చేతులు కడుక్కుంటారు. కడుక్కోనివ్వండి. గుండ్లపాడు భూముల గురించి మాట్లాడే హక్కు నాకున్నంత ఇంకెవరికీ లేదు, ఆ మూలనున్న కంప్యూటర్‌కు అసలే లేదు.

జిల్లా కేంద్రంలోని ఒక ప్రెస్సులో నాకు గళ్లు కొట్టి, గుడ్డ అట్ట వేసి, గుండ్లపాడు పట్వారీ కిషన్‌రావు చేతికిచ్చారు. ఆ రోజుల్లో ఊరి భూముల రాతకోతలన్నీ పట్వారీవే. రాసేది ఉర్దూలో కాబట్టి నన్ను కుడివైపు నుంచి తెరవాలి. ఇప్పటి గుమాస్తాలు ఎడమవైపు నుంచి తెరిచి, ఖాళీ పేజీలు చూసి, ఇందులో ఏమీ లేదని మూసేస్తారు. అరవై ఏళ్లుగా నేను పడుతున్న అవమానాల్లో ఇది చిన్నది.

కిషన్‌రావు మంచివాడేమీ కాదు. అయితే ఆ ఏడాది పైనుంచి గట్టి హుకుం వచ్చింది, వెనకాలే తనిఖీ అధికారి తిరుగుతున్నాడు. అందుకని బద్ధకం వదిలి నడిచాడు. ముందురోజు దండోరా వేయించేవాడు. తెల్లారేసరికి రైతులంతా ఎవరి గట్టు మీద వాళ్లు నిలబడేవారు. పట్వారీ గట్టు మీదే గొంతుక్కూర్చుని నన్ను మోకాళ్ల మీద పెట్టుకుని అడిగేవాడు, పక్క పొలంవాడు అవునంటేనే రాసేవాడు. నా మీద ఎండ పడింది, చెమట పడింది, రెండు చోట్ల రేగడి మట్టి కూడా ఉంది. నేను పొలంలో పుట్టిన పుస్తకాన్ని. ఈ మాట నేను గర్వంగానే చెప్పుకుంటాను.

సర్వే నంబరు నూట పద్దెనిమిది దగ్గర కిషన్‌రావు ఆగాడు. అది సుద్దకుంట. నాలుగెకరాల పది గుంటల నిండా నీళ్లు. భూమి రకం గడిలో 'శిఖం' అని రాశాడు, అంటే చెరువు కుంటల్లో నీళ్లు నిలిచే భూమి. హక్కుదారు గడిలో 'సర్కారు' అన్నాడు. ఎవరు దున్నుతున్నారనే గడి మిగిలింది. నీళ్లను ఎవరు దున్నుతారు? కలంతో అడ్డంగా ఒక గీత గీసి ముందుకు కదిలాడు.

మరుసటి ఏడాదికి కొత్త పుస్తకం వచ్చింది. నన్ను ఎర్ర గుడ్డలో మూటగట్టి పట్వారీ ఇంటి అటక ఎక్కించారు. ఏటా ఒక కొత్త పహాణీ వచ్చి నా మీద కూర్చునేది. కిందున్నవాళ్లకు పైవాళ్ల సంగతులన్నీ తెలుస్తాయి. పదకొండేళ్లు గడిచాక కిషన్‌రావు పోయాడు, కొడుకు వామనరావు పట్వారీ అయ్యాడు. ఆ ఏడు వానలు లేక సుద్దకుంట ఎండింది. బాలయ్య అనే రైతు వచ్చి, ఉత్తగా పడి ఉన్న కుంటలో దోస గింజలు పెట్టుకుంటానని బతిమాలాడు. వామనరావు ఒప్పుకుని, సాగుదారు గడిలో బాలయ్య పేరు, పక్కన 'ఏక్‌సాలా' అని రాశాడు. ఈ ఒక్క ఏడాదికే అని దాని అర్థం. అందులో తప్పేమీ లేదు. కరువులో అందరూ చేసే పనే.

తప్పు మరుసటి ఏడాది జరిగింది. వామనరావు పొలాలకు వెళ్లలేదు. ఇంటి అరుగు మీద కూర్చుని, ఒక పక్క పాత పహాణీ, ఒక పక్క కొత్త పహాణీ పెట్టుకుని, తమలపాకులు నములుతూ చూసి రాసేశాడు. ఊళ్లో అందరూ దాన్ని అరుగు పహాణీ అని నవ్వుకునేవారు. ఆ ఏడు వానలు దంచికొట్టాయి, కుంట నిండింది, మత్తడి దూకింది. పుస్తకంలో మాత్రం బాలయ్య నడుములోతు నీళ్లలో దోసకాయలు కోస్తూనే ఉన్నాడు. ఆ పై ఏడాదీ కోశాడు. ఐదో ఏటికి 'ఏక్‌సాలా' అన్న మాట రాయడం విసుగనిపించి వామనరావు దాన్ని వదిలేశాడు. తర్వాత గళ్లు మారిన కొత్త ఫారాలు వచ్చాయి. దున్నేవాడి గడిలో ఉన్న పేరు హక్కుదారు గడిలోకి జరిగింది. ఆ పేరుతోనే పట్టాదారు పాస్‌బుక్ వచ్చింది, పాస్‌బుక్ చూసి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఒక్కడు కూడా దొంగతనం చేయలేదు. అందరూ పక్కనున్న కాగితం చూసి రాశారు, అంతే. దొంగనైతే పట్టుకోవచ్చు, బద్ధకాన్ని ఎక్కడ పట్టుకుంటారు?

పట్వారీల వ్యవస్థ రద్దయ్యాక మా మూటలన్నీ మండల కార్యాలయానికి చేరాయి. విరిగిన కుర్చీలకు, ఓట్ల పెట్టెలకు మధ్య నాకు ఒక బీరువా అడుగున చోటిచ్చారు. బీరువా తలుపు సందులోంచి చూస్తే కిటికీ అవతల, ప్రహరీ పక్కన చిన్న మేజా వేసుకుని అర్జీలు రాసే ఒక ముసలాయన కనిపించేవాడు. వామనరావే. ఉద్యోగం పోయింది, రాత పోలేదు. రోజూ నాకు వీపు పెట్టి కూర్చునేవాడు. నాకు అతని మీద ఎంత కోపమంటే, ఎలుకలు నా అంచు కొరికినప్పుడు కూడా అంత రాలేదు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం పీరమ్మ వచ్చింది. దూదేకుల మనిషి, యాభై ఐదేళ్లుంటాయి, పక్క పట్నంలో పరుపులు, దిండ్లు కుట్టే దుకాణం. భర్త పోయాక తనే నడుపుతోంది. ఆమె రెండు మాటలకోసారి దగ్గుతుంది. నలభై ఏళ్ల దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉంది, ఆ నలభై ఏళ్ల కష్టమూ కలిపి తన పేరు మీద ఒక పొలం కొనాలని ఆమె కోరిక. బాలయ్య కొడుకు రామచంద్రం నూట పద్దెనిమిదిని అమ్ముతున్నాడు. నాలుగు రోజుల్లో బయానా ఇవ్వాలి. తప్పు భూమి కొంటే ఆమె మళ్లీ కొనుక్కునే వయసూ లేదు, ఊపిరీ లేదు.

గుమాస్తా శ్రావణ్ కంప్యూటర్ కాగితం తీసిచ్చాడు. "చూడమ్మా, పట్టా క్లియర్ ఉన్నది. ముప్పై ఏండ్ల ఈసీ క్లియర్ ఉన్నది, ఏడ తాకట్టు లేదు. పాస్‌బుక్ ఉన్నది. ఇంకేం గావాలె?"

"ముప్పై ఏండ్ల ఎనక ఏమున్నది?"

"ఎనక ఏముంటదమ్మా. గవన్నీ ఎవలు జూస్తరు?"

"నేను పాత పరుపు విప్పకుండ కొత్త బట్ట ఎయ్య సారూ. లోపల ఏమున్నదో చూడాలె. ఆ ఖాస్రా అంటరట గదా, అది దించు."

శ్రావణ్ చెడ్డవాడు కాదు, పని ఎక్కువున్నవాడు. అది ఉర్దూలో ఉందని, ఆఫీసులో ఎవరికీ రాదని చెప్పి చూశాడు. తనకూ రాదని పీరమ్మ ఒప్పుకుంది. చిన్నప్పుడు నేర్చిన ఖురాన్ సూరాలు నాలుగు నోటికొచ్చు గానీ అక్షరం రాదట. అయినా గడప దగ్గర కూర్చుంది. రెండు గంటలు దగ్గుతూ కూర్చున్నాక శ్రావణ్ విసుక్కుంటూ బీరువా తెరిచి, నన్ను దుమ్ముతో సహా మేజా మీద పడేశాడు. "గా ప్రహరీ కాడ పంతులున్నడు, ఉర్దూ సదువుతడు. పిలుచుకో," అన్నాడు.

అలా ముప్పై ఏళ్లు దాటాక వామనరావు చేతులు నా మీద పడ్డాయి. నన్ను కుడివైపు నుంచే తెరిచాడు, అంతమాత్రం గుర్తుంది. పేజీలు తిప్పి నూట పద్దెనిమిది దగ్గర ఆగాడు. తండ్రి దస్తూరీని గుర్తుపట్టాడు. నాకు నోరు లేనందుకు అంత బాధ ఎప్పుడూ కలగలేదు. నా నిజం ఆ గదిలో చదవగలిగినవాడు ఒక్కడే, ఆ నిజాన్ని పాడుచేసినవాడూ వాడే.

"మంచిగనే ఉన్నది పీరమ్మా," అని మూయబోయాడు.

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు పంతులూ. ఈ వరసల అన్నిట్ల పేర్లున్నట్టున్నయి. ఈ గడిల గీతొక్కటే ఉన్నది. పేరెందుకు లేదు?"

వామనరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"మనిషి పేరు లేని చేను ఉంటదా పంతులూ? ఎవడన్న దున్నాలె గదా."

"ఉండదు," అన్నాడు. "అది చేను గాదు పీరమ్మా. కుంట. మా నాయిన శిఖం అని రాసిండు, సర్కారు అని రాసిండు. బాలయ్య పేరు రాసింది నేను. ఒక్క ఏడాదికని రాసిన. తర్వాత అరుగు మీద కూసోని, చూడకుండ రాసుకుంట పోయిన."

"మరి మంచిగనే ఉన్నదంటివి?"

అతను తల దించుకున్నాడు. డెబ్బై రెండేళ్ల మనిషి అలా తల దించుకుని నిలబడితే మీరైతే జాలిపడతారు. నేను పడలేదు. ఇప్పటికీ పడను. అయితే ఒకటి ఒప్పుకోవాలి, ఆ రోజు అబద్ధాన్ని మధ్యలో ఆపేశాడు.

పీరమ్మ తిట్టలేదు. నకలు కావాలంది, అది కూడా రెండు. వామనరావే అర్జీ రాశాడు, ఆ పేజీలో ఉన్నది ఉన్నట్టు తెలుగులో రాసిచ్చాడు. తహసీల్దారు సంతకం, గుండ్రటి ముద్ర పడేదాకా ఆమె మూడు రోజులు అదే గడప దగ్గర కూర్చుంది. నాలుగో రోజు రామచంద్రం ఆఫీసుకొచ్చి కేకలేశాడు. "మా నాయిన నలభై ఏండ్లు దున్నిండు. గీ చెదలు తిన్న పుస్తకం చెప్తే మాది గాకుండ పోతదా?" అతని బాధ నిజమే. తర్వాతి ఏళ్లలో కుంట ఒండ్రుతో పూడిపోయాక బాలయ్య నిజంగానే దున్నాడు, కొడుకు నిజంగానే తనదనుకున్నాడు. కానీ మనిషి నమ్మినంత మాత్రాన నీళ్లు నిలిచే పల్లం మెరక అవుతుందా? వాన వచ్చిన రోజు ఆ భూమికి తనెవరో గుర్తొస్తుంది, అప్పుడు మునిగేది పీరమ్మ. నేను కాదన్నది ఆమె కోసం. ఇంకోసారి అడిగినా కాదనే అంటాను.

ఆమె బయానా ఇవ్వలేదు. తర్వాత ఏడాదిలోపు ఒక రోజు ఎవరో బీరువా తాళం తీశారు. చప్పుడు కాకుండా పేజీలు తిప్పి, నూట పద్దెనిమిది ఉన్న కాగితాన్ని ఒడిసిపట్టి లాగారు. ఆ నొప్పి గురించి చెప్పను, చెబితే చింపినవాడికి సంతోషం. కుట్టు దగ్గర గోరంత అంచు మాత్రం మిగిలింది.

పీరమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి నలభై ఒకటో నంబరు, రెండెకరాల మెట్ట చెలక. శ్రావణ్ అలవాటుగా కంప్యూటర్ వైపు తిరిగాడు.

"అది తర్వాత సారూ. ముందు పుస్తకం దించు."

వామనరావు వచ్చి చదివాడు. హక్కుదారు గడిలో పేరుంది, దున్నేవాడి గడిలోనూ అదే పేరుంది. పీరమ్మ గడి మీద వేలు పెట్టి స్వయంగా చూసుకుంది. గీత లేదు. ఆ తర్వాత తనే పేజీలు తిప్పి, పాత చోటికి వచ్చింది. చిరిగిన అంచును బొటనవేలితో తడిమింది.

"చెదలు తిన్నట్టున్నది," అన్నాడు శ్రావణ్, ఎటో చూస్తూ.

"చెదలు గింత సక్కగ తినవు సారూ," అంది పీరమ్మ. సంచిలోంచి ముద్ర ఉన్న రెండో నకలు తీసింది. దాని వెంటే పరుపులు కుట్టే దబ్బనం, మైనం పట్టించిన దారం తీసింది.

శ్రావణ్ కంగారుగా లేచాడు. "రికార్డుకు కుట్లెయ్యొద్దమ్మా. రూల్ ఒప్పుకోదు."

"చింపుటానికి ఏ రూల్ ఒప్పుకున్నది సారూ?"

శ్రావణ్ తిరిగి కూర్చున్నాడు. ప్రహరీ పక్కన అర్జీల కోసం కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గడప దగ్గర నిలబడ్డారు. వామనరావు రెండు చేతులతో నన్ను తెరిచి పట్టుకున్నాడు. పీరమ్మ మిగిలిన అంచుకు నకలును ఆనించి, దబ్బనం గుచ్చి, పరుపు అంచు కుట్టినట్టు దగ్గరదగ్గరగా కుట్టింది. ఒక్కో కుట్టుకూ దారం లాగి, ముడి బిగించి, దగ్గి, మళ్లీ గుచ్చింది. ఆ దబ్బనం దిగినప్పుడల్లా నాకు నొప్పి పుట్టింది, ఆ నొప్పిలో సంతోషమూ ఉంది.

ఇప్పుడు మళ్లీ బీరువాలోనే ఉన్నాను. అన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయి కాబట్టి మమ్మల్ని తీసేస్తారని అప్పుడప్పుడు వింటూ ఉంటాను. తీసేయడానికి వచ్చేవాళ్లు ముందు నన్ను తెరవాలి, తెరిస్తే నూట పద్దెనిమిది దగ్గరే తెరుచుకుంటాను, ఆ కుట్ల లావు అలాంటిది. ఇంకోసారి చింపాలనుకునేవాళ్లు కూడా రావచ్చు. కాకపోతే అది పరుపుల దారం. చేత్తో లాగితే తెగదు, కత్తి తెచ్చుకోండి, గడప దగ్గర ఉన్నవాళ్లందరి ముందూ కొయ్యండి.