చిన్నచెవి జాడీ

నేను ఒక ఊరగాయ జాడీని. భుజాల దాకా ముదురు గోధుమరంగు, అక్కడినుంచి అడుగు దాకా మీగడ తెలుపు. నడుము లావన్నది నిజమే. అది దాచుకోవలసిన సంగతని నాకెవరూ చెప్పలేదు. నన్ను చేసినవాడికి ఏం తొందరొచ్చిందో, నా ఎడమచెవి కుడిచెవికంటే చిన్నది. ఆవంలో కాలేటప్పుడు పక్కజాడీ ఒరుసుకుని మెడ కూడా కాస్త వాలింది.

దుకాణంలో వరసగా నిలబెట్టిన జాడీలన్నిటినీ కాదని సుభద్రమ్మగారు నన్నే ఏరుకున్నారు. ఉమ్మడి కుటుంబం, చీకటి కొట్టుగది. తోడికోడళ్ల జాడీల మధ్య తన జాడీని చేత్తో తడిమి పోల్చుకోవడానికి ఆ చిన్నచెవి ఆవిడకు పనికొచ్చింది. ఆవిడ తరవాత రాజమండ్రిలో ఉన్న కూతురు భ్రమరాంబగారి దగ్గరికి వచ్చాను. ఏటా నన్ను కడిగి, ఎండలో పెట్టి, తడిచెయ్యి సోకనివ్వకుండా ఆవకాయ నింపి, మూతికి తెల్లగుడ్డతో వాసెన కట్టేవారు. ఆవకాయ లేని జాడీ బతుకేమిటో ఆలోచించే అవసరం నాకెన్నడూ రాలేదు.

భ్రమరాంబగారి మేనల్లుడు పినాకపాణి చిత్రకారుడు. ఆధునిక చిత్రకారుడినని తనే చెబుతాడు. పళ్లూ పాత్రలూ బల్లమీద పేర్చుకుని బొమ్మలు వేస్తాడు. వాటిని ఉన్నట్టుగా వేయడం మాత్రం ఫొటోగ్రాఫర్ల పని అంటాడు. ఒక మాఘమాసంలో నన్ను అడిగి పట్టుకెళ్లాడు. మామిడికాయలు రాకముందే తిరిగివ్వాలనీ, తడి తగలనివ్వకూడదనీ భ్రమరాంబగారు షరతు పెట్టారు. అతడు నాలో ఒక్క నీటిచుక్క పడనివ్వలేదు. కుంచెలు కడిగే టర్పెంటైను పోశాడు. తడి అంటే నీళ్లేనని అతని అవగాహన.

ఇక బొమ్మ. అందులో నా నడుము బల్ల అంచు దాటి వేలాడింది. వాసెనగుడ్డ తలపాగా అయింది. చుట్టూ వంకాయలు దండాలు పెడుతున్నాయి; దోసకాయ ఒకటి సాష్టాంగపడింది. పేరు ‘ప్రజానాయకుడు’. నేను ఏ ఎన్నికలోనూ నిలబడలేదు. అటకమీద తప్ప ఎక్కడా కూర్చోనూ లేదు.

వెక్కిరింతకు నేను వ్యతిరేకిని కాను. అతిశయోక్తిని అలంకారమని ఒప్పుకున్నవారు మన పెద్దలే. అయితే పెంచే ముందు ఉన్నదేమిటో చూడాలి. ఈ మహానుభావుడు నా చెవులు రెండింటినీ సమానం చేశాడు. వాలిన మెడను నిటారుగా నిలబెట్టాడు. దారినపోయేవాడికి కూడా కనిపించే నడుమును మాత్రం ఊదిపెట్టాడు. అన్నాళ్లు నా ఎదురుగా కూర్చుని అతడు చూసుకున్నది తన తెలివిని.

ప్రదర్శనలో జనం బాగానే నవ్వారు. బొమ్మ కింద పీటమీద నన్నూ నిలబెట్టారు. భ్రమరాంబగారు వచ్చి చాలాసేపు చూశారు.

“ఎలా ఉందత్తా?”

“ఇది మా జాడీ కాదురా.”

“ఇందులో పోలికలు వెతక్కూడదత్తా. వ్యంగ్యం ఇది.”

“వెక్కిరిస్తే అవతలివాడికి కోపమన్నా రావాలి కదరా పినాకీ. నాకు విసుగొస్తోంది, అంతే.”

తరవాత ఆవిడ నా చిన్నచెవిని తడిమారు. మూత తీసి వాసన చూశారు. మూత పెట్టేసి నన్ను ఇంటికి తెచ్చుకున్నారు.

కుంకుడురసంతో కడిగారు. ఎండలో పెట్టారు. వయసుతో నా లోపలిపూతకు వచ్చిన సన్నని పగుళ్లలో టర్పెంటైను దాక్కుంది, అది పోలేదు. ఆ ఏడు ఆవకాయ కొత్త జాడీలోకి వెళ్లింది, నేను వరండాలోకి వెళ్లాను.

ఆవకాయ కలిపిన రోజున బేసినులో అడుగున మిగిలినదానితో వేడన్నం కలిపి, మొదటిముద్ద పినాకపాణికే పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. ముద్ద కోసం వచ్చినవాణ్ణి ఆవిడ వరండాలో నా ముందు కూర్చోబెట్టారు. “ఉన్నదున్నట్టు గియ్యి. ముద్ద తరవాత.”

మొహం ముడుచుకుని మొదలుపెట్టాడు. కాసేపటికి లేచి వచ్చి నా చెవి తడిమాడు.

“ఇది మొదట్నుంచీ ఇంతేనా అత్తా?”

“నువ్వు పుట్టకముందు నుంచీ.”

గీయడం ముగిసింది. ఒక్క గీత కూడా పెంచలేదు. కాగితంమీద మెడవాల్చి, చిన్నచెవి పక్కింటివైపు పెట్టి, గోడ అవతలి తగువు వింటున్న లావుపాటి పెద్దావిడ ఉంది. భ్రమరాంబగారు చూసి పగలబడి నవ్వారు. అతడూ నవ్వాడు. ఆ నవ్వులో నాకు అభ్యంతరకరమైనదేదీ లేదు; అది నాకు న్యాయంగా రావలసినదే.

టర్పెంటైను సంగతి వేరు. ఆ మధ్యాహ్నం బేసినులో కలిపిన ఆవకాయ అన్నం వాసన వరండా దాకా వచ్చింది. నాలో మాత్రం ఇంటిల్లిపాదీ గుచ్చిపెట్టుకున్న గొడుగులు ఉన్నాయి.