పొడి తువ్వాలు

పాత కిటికీ ఊడదీయాలి. కొత్తది బిగించాలి. చుట్టూ సందులు గట్టిపడే నురగతో నింపాలి. వాన నీరు దిగకుండా పట్టీ వేయాలి. అన్నీ చీకటి పడకముందే అయిపోవాలి, ఎందుకంటే నాలుగు నెలల పాప కహు రేపు పొద్దున ఆసుపత్రి నుంచి ఈ గదికే వస్తోంది.

లెన్ హెండ్రీ ఇదంతా అట్టముక్క మీద రాసి వ్యాన్‌లో ఎదురుగా పెట్టుకున్నాడు. భూగోళం దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో జులై నెల, నడి చలికాలం. పొద్దున్నే తన ఇంటి కిటికీల మీద చెమ్మ తుడిచి, తువ్వాలు పిండి ఆరేసి, ఆరిన మరొకటి వెంట తెచ్చుకున్నాడు.

"ఊరందరి కిటికీలూ మారుస్తావు, నీ ఇంట్లో మాత్రం ఇంకా తువ్వాళ్ళే," అన్నాడు తవీతా. సమోవా దీవుల మనిషి, పదేళ్ళుగా లెన్‌తో పనిచేస్తున్నాడు.

"నా ఛాతీ ముసలిదిరా, ఓర్చుకుంటుంది."

లెన్‌కి అరవై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి. ఏనాడో సుత్తి దెబ్బ తిన్న బొటనవేలి గోరు నల్లగా అలాగే ఉండిపోయింది.

కహు అమ్మమ్మ నైరీ తలుపు తీసింది. "ఈ కిటికీ ఏడుపు తుడవలేక చస్తున్నా లెన్. హీటరు రోజంతా మండుతుంది, మూలన బూజు మాత్రం పోదు. పిల్లకి ఆయాసం దానివల్లేనన్నాడు డాక్టరు."

లెన్ పాత చట్రాన్ని తడిమాడు. ఒంటి అద్దం. లోపలా బయటా ఒకే అల్యూమినియం. మంచులా ఉంది.

"ముప్పై ఏడేళ్ళ కిందట దీన్ని బిగించింది నేనే."

"తెలుసులే. మా ఆయన నీకు బీరు కూడా పోశాడు. అది కక్కెయ్ ఇప్పుడు."

కొత్తదానికి జంట అద్దాలు. దాని చట్రంలో బయటి అల్యూమినియానికీ లోపలి దానికీ మధ్య నల్లటి గట్టి ప్లాస్టిక్ పట్టీ ఉంది. నైరీ దాన్ని గోటితో గీకింది. "ఈ ముక్క కోసమా ఇంత హడావిడి?"

"నీ కెటిల్ పిడి దేంతో చేశారు?"

"ప్లాస్టిక్."

"ఇనుముదైతే పట్టుకుంటావా? అక్కడ వేడి చేతిదాకా రాదు. ఇక్కడ గదిలో వేడి బయటికి పోదు. అంతే."

మూడింటికి పని అయిపోయింది. నైరీ చీజ్ రోల్స్ పెట్టింది. లెన్ ఒకటి చేత్తో పట్టుకుని బయటికి వెళ్ళి, గోడ ముందు నిలబడిపోయాడు. తినలేదు.

"తవీతా, ఊడదియ్యి."

"ఏమైంది పెద్దాయనా? బాగానే ఉందిగా."

"చట్రం మరీ బయటికి ఉంది. గోడ లోపల చలి ఆపే ఉన్ని ఎక్కడుందో ఇది అక్కడుండాలి. ఇలా ఉంటే చలి పక్కనుంచి చుట్టుతిరిగి లోపలికొస్తుంది."

ఇక్కడ అందరూ ఏళ్ళ తరబడి కిటికీలను గోడ బయటి చెక్కల మీదికే బిగించారు, వాన ఆగితే చాలని. అలా చేయొద్దని లెన్ ఎంతమందికి చెప్పాడో. ఇవాళ కొలత పెట్టింది అతనే. చేతులు పాత దారినే పోయాయి.

"ఐదింటికి చీకటి పడుతుంది. ఎవరికి తెలుస్తుంది?"

"పిల్ల ఊపిరితిత్తులకి తెలుస్తుంది."

తవీతా డ్రిల్లు అందుకున్నాడు. "నీతో పనిచేసేవాడు పెళ్ళాం మొహం ఆదివారమే చూడాలి."

స్క్రూలన్నీ తీసి, చట్రాన్ని మూడు వేళ్ళ మందం లోపలికి జరిపి, మళ్ళీ బిగించి, సందులు నింపేసరికి వెలుతురు అయిపోవచ్చింది. లెన్ తన తువ్వాలు కిటికీ అంచు మీద పరిచాడు. ప్రతి పనికీ అతని పద్ధతి అదే. మర్నాడు వచ్చి ముట్టుకుని చూస్తాడు. పొడిగా ఉంటే ఇంటికి తీసుకుపోతాడు. తడిగా ఉంటే పని మళ్ళీ మొదలు.

"ఏడింటికి వస్తా. అది కదపకు," అని నైరీకి చెప్పి, వ్యాన్‌లో కూర్చుని ఫ్లాస్కులో టీ పోసుకున్నాడు.

తవీతా నిచ్చెన మోసుకొచ్చేసరికి లెన్ తల పక్క అద్దానికి ఆని ఉంది. ఒళ్ళో కప్పులో టీ ఇంకా పొగలు కక్కుతోంది. తవీతా రెండుసార్లు పిలిచి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి లేదు. తర్వాత కప్పు తీసి కింద పెట్టి, అతని చేయి పట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు ఏడింటికి ఎవరూ రాలేదు. పది దాటాక కహుని భుజాన వేసుకుని నైరీ కిటికీ దగ్గరికి వెళ్ళింది. బయట గడ్డి మీద మంచు ఇంకా తెల్లగా ఉంది. అద్దం మీద చుక్క లేదు. హీటరు చాలినంత వేడెక్కి తనంతట తనే ఆగి ఉంది. పిల్ల ఆయాసం లేకుండా నిద్రపోతోంది. నైరీ తువ్వాలు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు.

చలికాలం పొద్దున ఎప్పుడైనా కిటికీ అంచు మీద చెయ్యి వేసి, తడి తగలకపోతే, లెన్ హెండ్రీని ఒక్కసారి తలచుకోండి. అంచులు పీచులేచిన అతని నీలం చారల తువ్వాలు ఇంకా అక్కడే ఉంది, పొడిగా.