రబ్బరు తెర

పొయ్యిమీద పప్పు ఉడుకుతుంటే తాయారు వంటింటి గట్టుమీదే రబ్బరు గ్లౌజులు కత్తిరించి చదరపు ముక్కలు చేస్తోంది. పంటికి పనిచేసేటప్పుడు, ఆ పన్నొక్కటే పైకి కనబడేలా నోటికి అడ్డంగా బిగించే తెరలవి. అసలువైతే మద్రాసు నుంచి రావాలి, ఆయన తెప్పించడు. "నోటికి పరదా ఏటే? జనం బెదిరిపోతారు. నీ ముచ్చట తీరేలోపు నేను ఇంకో మనిషిని చూసి పంపేస్తాను," అంటాడు గురునాథరావు. ఆయనా పళ్ల డాక్టరే, ఈవిడా పళ్ల డాక్టరే. ఒకటే కాలేజీ, పైగా మార్కులు ఈవిడకే ఎక్కువ. అయినా మల్కాపురం క్లినిక్‌లో ఆయన డాక్టరుగారు, ఈవిడ డాక్టరుగారి భార్య! ఇంటికొచ్చాక ఆయన కాళ్లు చాపుకుని పేపరు చదువుతాడు, ఈవిడ ఆయన పనిముట్లు మరిగించి, ఆపైన అన్నానికి ఎసరు పెడుతుంది. "మొగుడి పక్కన నిలబడి సామాన్లందిస్తన్నావు, అదృష్టం కాదేటే?" అంటుంది అత్తగారు ఆదిలక్ష్మమ్మ. మహా అదృష్టం!

తాయారుకి పగలంతా ఒకటే భయం. పంటి వేరు శుభ్రం చేసే సూది వెంట్రుకంత సన్నం. ఉమ్మితో తడిసిన వేళ్లలోంచి ఎప్పుడు జారుతుందో తెలీదు. జారితే కడుపులోకి పోవచ్చు, ఊపిరితిత్తుల్లోకీ పోవచ్చు. తెర ఉంటే దానిమీదే ఆగిపోతుంది. ఆయన తెర లేకుండా సూది పట్టినప్పుడల్లా, కుర్చీలో మనిషి నోరు పుక్కిలించి లేచేదాకా తాయారుకి ఊపిరాడేది కాదు. స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు, ఊళ్లోకి జనం వచ్చి పడుతున్నారు, క్లినిక్ కిటకిటలాడుతోంది. ఆయనకేమో తొందర.

ఆ సాయంత్రం జాలరిపేట నుంచి చేపలమ్మే సీతాలు వచ్చింది. తాయారు తెర బిగించి, పన్ను తెరిచి అంతా సిద్ధం చేసింది. గురునాథరావు వచ్చి, "బయట జనం కూర్చున్నారు, జరుగు," అని తెర పీకి అవతల పారేసి సూది పట్టాడు.

"వద్దండీ," అంది మెల్లిగా. గట్టిగా అనడం ఎప్పుడో మానేసింది.

కాసేపటికి సీతాలు దగ్గింది. గుటక పడింది. ఆయన వేళ్లలో సూది లేదు.

తాయారు నేలంతా వెతికింది, సీతాలు నాలుక కింద చూసింది, చీర దులిపి చూసింది. ఎక్కడా లేదు.

"గొంతులో ఏటో గుచ్చినట్టయింది బాబూ," అంది సీతాలు.

"మందు ఘాటులే. అరటిపండు తిను, పోతుంది," అని తాయారుని మందుల గదిలోకి లాగాడాయన. "నోరు మెదిపావో చూడు! బయటపడితే మనం వీధిన పడతాం."

నిజమే, పడతారు. చెబితే కాపురం ఏమవుతుందో. చెప్పకపోతే రాత్రికి సీతాలు ఏమవుతుందో. ఎటు తలుచుకున్నా భయమే. తాయారు చీర చెంగుతో ముఖం తుడుచుకుని బయటికొచ్చింది.

"సీతాలూ, సూది నీ గొంతులోకి జారింది. ఏమీ తినకు. పెద్దాసుపత్రికి పోదాం, నేనూ వస్తాను."

"ఓలమ్మో! నాను సచ్చిపోతానేటి డాటరమ్మా?" సీతాలు ఆమె చెయ్యి పట్టేసుకుంది.

ఆటో ఎక్కుతుంటే గురునాథరావు గుమ్మం దాకా వచ్చాడు. గొంతు మెత్తబడింది. "సరే వెళ్లు. అడిగితే పని చేసింది నువ్వేనని చెప్పు. ఆడమనిషివి, చేయి తిరగలేదనుకుని వదిలేస్తారు."

దారంతా ఆ మాటే చెవిలో మోగింది. ఇన్నాళ్లూ ఆమె బాగుచేసిన పళ్లన్నీ ఆయన పేరున చెల్లిపోయాయి. ఈ సూది మాత్రం ఆమెదట!

ఎక్స్‌రే చూసి డ్యూటీ డాక్టరు, "ఊపిరితిత్తుల్లో లేదు, కడుపులో ఉంది. దిగేదాకా ఇక్కడే ఉంచుతాం. ఇప్పుడే ఏమీ చెప్పలేను," అన్నాడు. కలం తీశాడు. "ఇంతకీ పని చేసిందెవరు?"

తాయారు బల్ల దగ్గరికి జరిగింది.

"డాక్టర్ గురునాథరావు, నా భర్త," అంది. "తెర పీకేస్తుంటే నిలబడి చూసింది నేను. నేనూ డాక్టర్నే. రెండు పేర్లూ రాయండి."