పరీక్ష మెయిల్లో పేరు

చపాతీ పిండిలో చేతులుండగానే మా ఆయన ప్రసాద్ లాప్‌టాప్ తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. కువైట్‌లోని ఫహాహీల్‌లో మా ఫ్లాటు వంటగదిలో ఇద్దరు నిలబడితే ఒకరు ఒదిగి నిలబడాలి. ఆ ఒకరు ఎప్పుడూ నేనే.

"దుర్గా, మళ్ళా ప్రశ్నార్థకాలు పడినాయి. రోంత చూడు. రెండు నిమిషాల పనే కదా."

ఆయన ఆఫీసుకు పైపుల వాల్వులు టర్కీ నుంచి వస్తాయి. ఇక్కడి అరబ్బీ పేర్లు అక్కడికి, అక్కడి తోకల అక్షరాలు ఇక్కడికి చేరేసరికి అన్నీ ప్రశ్నార్థకాలే. చూడ్డానికి బాగాలేవని ఈయన ఒకసారి వాటిని చెరిపేసి పంపాడు. అక్కడి యజమాని పేరు సగమే వెళ్ళింది. ఆ పెద్దమనిషి అలిగి చాలా రోజులు జవాబే ఇవ్వలేదు. అప్పటినుంచి ఆ పని నా నెత్తిన పడింది. అక్షరాల ఎన్‌కోడింగ్‌ని అన్ని భాషలూ పట్టే యూటీఎఫ్-8కి మార్చి, ముందు నాకే ఒక పరీక్ష మెయిల్ పంపుకుని, అన్ని లిపులూ సరిగ్గా కనబడితేనే అసలుది పంపుతాను. మెప్పు మాత్రం ఆఫీసు గడప దాటి ఇంటికి రాదు. "వాడు ఎండలో చస్చాంటే నువ్వు ఏసీలో కూచోనుంటివి" అని అత్తమ్మ ఫోన్లో అంటే, తన ఆఫీసులోనూ ఏసీ ఉందని ఈయన చెప్పడు. పక్కనే ఉండి నవ్వుతాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండుతుంది.

చేతులు కడుక్కున్నాను.

"అన్ని బ్రాంచీలకీ ఈ పనికో మనిషిని పెట్టుకుంటారంట. ఎట్ల చేసేదో రాసి పంపమనె మేనేజర్ మేడమ్. నేను రాసినట్టే రాసియ్యి."

"ఆ ఉద్యోగం నేను చేస్తా."

"ఇంట్లో నీకేం తక్కువైందే? ఈ దేశంలో ఉండేదానికి నీ ఇఖామా కార్డు నా మీద ఉండాది. పనికి మార్చాలంటే నేను ఊ అనాల గదా" అని స్నానానికి వెళ్ళాడు.

పరీక్ష మెయిల్ తెరిచాను. అరబ్బీలో ఒక మాట, టర్కీ భాషలో ఒక మాట, తెలుగులో ఒక మాట. తెలుగు దగ్గర ఇన్నేళ్ళూ ప్రసాద్ అనే కొడుతూ వచ్చాను. నా పేరు కొట్టొద్దని ఎవరూ అనలేదు. నాకే తోచలేదు. అందుకే ఎక్కువ బాధేసింది. ఈసారి వెంకటదుర్గ అని నా పూర్తి పేరు కొట్టాను. ఒక్క అక్షరం చెదరకుండా వచ్చింది.

తర్వాత నా మెయిల్ నుంచే మేడమ్‌కి రాశాను: పని ఎలా చేయాలో, ఇన్నాళ్ళూ చేసింది ఎవరో, ఆ ఉద్యోగం ఎవరికి కావాలో.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చాడు. "పంపినావా? కింద పేరు సరిగ్గా కనబడతాందా?"

"కనబడతాంది. నీది కాదు" అని పిండి గిన్నె ఆయన వైపు జరిపాను.