కారు దిగితే ఆగిపోయే పాట

మా అబ్బాయి వినోద్ చనిపోయిన ఏడాదికి వాడి కంప్యూటరు మా మేనకోడలు దుర్గకు ఇచ్చేద్దామనుకున్నాను. ఎచ్చెర్లలో చదువుకుంటున్న పిల్ల. అందులో ఉన్నవన్నీ చెరిపేసి తీసుకెళ్లమన్నాను.

"సెరిపీముందు ఒక్కపాలి ఈ ఆట సూడు మావా. బావ రోజూ ఇదే ఆడీవోడు" అంది దుర్గ.

ఆ ఆట కోసమే వాడిని ఎన్నోసార్లు కసిరాను. దుర్గ ఆట తెరిచింది. తెర మీద మనిషి ఎర్ర కారు ఎక్కగానే కారులో రేడియో మోగింది. ఎనభైల నాటి తెలుగు పాట.

"ఇంగ్లీషు ఆటలో మన పాటేమిటే?"

"బావే ఎక్కించాడు. నీ క్యాసెట్లోదే."

అప్పుడు గుర్తుపట్టాను. వినోద్‌కు మూడేళ్లప్పుడు, ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదని చెప్పి, రేడియో ముందు టేప్‌రికార్డరు పెట్టి రికార్డు చేసుకున్న పాట అది. రెండో చరణంలో వాడు "నాన్నా, నేనూ పాడతా" అన్నాడు. పాట పాడుచేశావని ఆ రోజు కేకలేశాను.

ఆ మాట ఇప్పుడు కారులోంచి వినిపించింది. వాడు దాన్ని తీసేయలేదు.

కంగారులో ఏదో మీట నొక్కాను. మనిషి కారు దిగాడు. పాట ఆగిపోయింది.

"అయ్యో మావా, దిగిపోతే పాట రాదు" అంటూ దుర్గ అతన్ని మళ్లీ ఎక్కించి, కారును సముద్రపు ఒడ్డున ఆపింది.

"ఈ కంప్యూటరు ఇక్కడే ఉండనీ అమ్మా. నీకు వేరేది కొందాం. కారు ఎక్కే మీట ఏదో చూపించు."

"ఎక్కడానికీ దిగడానికీ ఒకటే మీట మావా."

చేతులు ఒళ్లో పెట్టుకుని, మళ్లీ రెండో చరణం వచ్చేదాకా కూర్చున్నాను.