జిప్పు కవరులో డిసెంబరు

నేను ఒక టీవీ రిమోట్‌ని. నల్లగా, జానెడు పొడవున, ఒంటి నిండా బొత్తాలతో ఉంటాను. ఏ దేశంలో పుట్టానో నా వీపు మీద చిన్న అక్షరాల్లో రాసి ఉండేది, అది ఒంగోలులో అరిగిపోయింది. అక్కడ బస్టాండు ఎదుట ఒక లాడ్జిలో, పదకొండో నంబరు గదిలో, ప్లాస్టిక్ కవరు తొడుక్కుని ఆరేళ్ళు కాపురం చేశాను. మనుషుల గురించి నాకు తెలిసిన సగం అక్కడ నేర్చుకున్నదే. బ్యాటరీ అయిపోతే మనిషి బ్యాటరీ మార్చడు. ముందు గట్టిగా నొక్కుతాడు. తర్వాత తొడకేసి కొడతాడు. ఆ తర్వాత ఉన్నవాటినే తీసి అటూ ఇటూ మార్చి వేస్తాడు. అప్పటికీ పలక్కపోతే లాడ్జి మేనేజరుని తిడతాడు.

లాడ్జి వాళ్ళు పల్చటి టీవీలు కొన్నాక, నన్నూ మా లావుపాటి టీవీనీ చీరాలలో ఒక చిన్న చర్చి సంఘం కొని, తమ పాస్టరు దయాసాగరం గారింట్లో పెట్టింది. సంఘంలో ఆయన్ని అయ్యగారంటారు, ఆయన భార్య సుగుణమణిని అమ్మగారంటారు. ఇల్లు చర్చి వెనకే. అయ్యగారు మంచివాడు. కానీ మంచివాడి చేతికి మైకు ఇస్తే ఏమవుతుందో ఆ డిసెంబరులో తెలిసింది.

మొదటి ఆదివారం ఆయన క్రిస్మస్ దాకా టీవీ ఉపవాసం అని ప్రకటించి, ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తమన్నాడట. సంఘమంతా నేల చూపులు చూసిందట. అయ్యగారు భార్య వైపు చూశాడు. ఆమె చెయ్యి లేచింది. ఆ చెయ్యి చూసి మిగతా చేతులూ లేచాయి. ఇంటికొచ్చి నన్ను ఆమెకిచ్చి, "ఇరవై ఐదు దాకా ఇది బయటికి రాకూడదు సుగుణా" అన్నాడు.

ఆమె నన్ను బైబిలు పెట్టుకునే పాత జిప్పు కవరులో దాచింది. కిందటేడు స్త్రీల సమాజం వాళ్ళు కొత్త కవరు ఇచ్చారు. బైబిలూ, దగ్గర అక్షరాలకి పెట్టుకునే కళ్ళజోడూ అందులోకి మారాక పాతది ఖాళీ అయింది. రెండు కవర్లూ నల్లవే, ఒకే కొట్లోవే. నేనొక్కదాన్నే ఉంటే కవరు చప్పబడిపోతుందని ఒక పాత పాటల పుస్తకాన్ని తోడిచ్చింది. దాని పక్కన నాలుగు రోజులు నిష్ఠగా పడుకున్నాను.

అయిదో రోజు బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టింది. మధ్యాహ్నం రెండింటికి అయ్యగారు విశ్వాసుల ఇళ్ళు దర్శించడానికి స్కూటరెక్కి వెళ్ళగానే, చర్చి ఊడ్చి గంట కొట్టే లీయమ్మ పరిగెత్తుకొచ్చింది.

"అమ్మగోరూ, తుపాను మనకేసే వస్తందంట. ఒక్కసారి వార్తలు చూడకపోతే ఎట్టా? మా ఇంటి రేకులు ఎగిరిపోతయ్."

ప్రాణాల మీది మాట కదా, తప్పు లేదనుకుని అమ్మగారు జిప్పు తీసింది. వార్తల నంబరు నొక్కబోయి పక్కది నొక్కింది. తెర మీద మంచు కురుస్తోంది. పట్నంలో ఉద్యోగం వదిలి చిన్న ఊరికొచ్చిన ఒక పిల్ల, మూతపడబోతున్న ఒక బేకరీ, గళ్ళ చొక్కా తొడుక్కున్న ఒక అబ్బాయి, వాడి కుక్క. అందరూ తెల్లవాళ్ళే, అయినా తెలుగులోనే మాట్లాడుతున్నారు. తుపాను ఒడిశా వైపు వెళ్ళిపోయింది గానీ సినిమా మాత్రం ఆ ఇంట్లోంచి కదల్లేదు. ఆ నెలంతా ఆ చానెల్లో రోజుకొకటి అలాంటిదే.

అలాంటిదే అంటే అచ్చం అలాంటిదే. బేకరీ ఇంకో రోజు పూలకొట్టవుతుంది, కుక్క గుర్రమవుతుంది. మొదటి పావుగంటలో పోట్లాట, గంటకి చెట్టుకి దీపాలు, గంటన్నరకి అపార్థం, చివర మంచు. జరగబోయేది ఇద్దరికీ ముందే తెలుసు, అయినా నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు. లాడ్జిలో క్రికెట్ చూసేవాళ్ళ మొహాల్లో నాకెన్నడూ కనపడని నిశ్చింత వాళ్ళ మొహాల్లో ఉండేది.

"ఊరంతా సీరియల్ లైట్లు కట్టడమే గాని ఒక్కళ్ళూ చర్చికి పోరేంటమ్మగోరూ?" అనేది లీయమ్మ.

"నువ్వుండవే, వాడు అడగబోతున్నాడు" అనేది అమ్మగారు.

ఆమెకి కావలసింది అదే. మంచులో నిలబడి ఆ అబ్బాయి నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడుగుతాడు. అడిగి ఆగుతాడు. ఊరు ఊరంతా ఆ పిల్ల మొహంలోకి చూస్తుంది. ఆ పిల్ల పది సెకన్లు ఏమీ అనదు. ఆ పది సెకన్లూ సుగుణమణి నన్ను రెండు చేతులా పట్టుకునేది. ముప్ఫై ఒక్కేళ్ళ కిందట రెండు కుటుంబాల పెద్దలూ కలిసి ఆమె పెళ్ళి కుదిర్చారు. సంబంధం మంచిది, మొగుడూ మంచివాడే. ఆమెని అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఈ మాట ఒక రోజు లీయమ్మతో ఆమే అంది.

సుఖం ఉన్నచోట భయం కూడా చాప వేసుకుని కూచుంటుంది. శబ్దం రెండు గీతలు దాటనిచ్చేది కాదు. గేటు కిర్రుమంటే నన్ను పైట కింద దాచేది. టీవీ నెత్తి వేడెక్కితే లీయమ్మ తడిగుడ్డ వేసేది. ఇరవై నాలుగో తారీఖున ఆ అబ్బాయి సరిగ్గా అడిగి ఆగిన క్షణాన స్కూటరు చప్పుడైంది. ఆమె టీవీ కట్టేసింది, జిప్పు లాగింది. అయ్యగారు లోపలికొచ్చి టీవీ మీద చెయ్యానించి చెప్పులు విప్పుకున్నాడు. ఎండన పడొచ్చిన చెయ్యి కాబట్టి ఆయనకి వేడి తెలియలేదు.

క్రిస్మస్ ఉదయం పలహారాలు డబ్బాలకెత్తాలి, పిల్లల కిరీటాలకి పిన్నులు పెట్టాలి, ఇంతలో మొదటి గంట కొట్టేశారు. ఆమె చెయ్యి అలమరలోకొచ్చి నల్ల కవరు అందుకుంది. అందుకున్నది నన్ను. అరిచి చెప్పడానికి నాకు నోరేదీ, ఉన్నవన్నీ బొత్తాలే.

ముందు వరసలో కూచుని ఆమె జిప్పు కొంచెం తెరిచింది. ఆమె మొహం నాకు కనపడింది. పాలిపోయింది. మెల్లగా మూసి వెనక్కి తిరిగి చూసింది. ఇల్లు ముప్ఫై అడుగులే, కానీ తలుపు దాకా జనం కిక్కిరిసి ఉన్నారు. ఈలోపు మైకులో అయ్యగారి గొంతు వినపడింది. "లూకా రెండో అధ్యాయం అమ్మగారు చదువుతారు."

ఆమె వేదికెక్కి, బల్ల చాటున కవరు తెరిచి పట్టుకుంది. ముప్ఫై క్రిస్మస్‌లుగా చదివిన భాగం అది. జనాభా లెక్కలు, సత్రంలో చోటు లేకపోవడం, పొలంలో గొర్రెల కాపరులు, అన్నీ నన్ను చూస్తూనే ఒప్పజెప్పింది. ఆమె బొటనవేలు నా ఎర్ర బొత్తాం మీద ఎన్ని సార్లు పడిందంటే, అక్కడ టీవీ ఉంటే ఆరు సార్లు వెలిగి ఆరేది. చివరి మాట అయింది. గండం గడిచిందనుకున్నాను.

"సంఘమా, చూశారా!" అయ్యగారి గొంతు ఖంగుమంది. "అమ్మగారు కళ్ళజోడు పెట్టుకోలేదు! దగ్గర అక్షరం ఆనని మనిషి ఒక్క తప్పు లేకుండా చదివింది. టీవీ ఉపవాసానికి దేవుడిచ్చిన ఫలం ఇది!"

హల్లెలూయా అని హాలు దద్దరిల్లింది. కొత్త నెలలో కంటి ఆపరేషను పెట్టుకున్న ఏలీయా తాత కర్ర పట్టుకుని లేచాడు. "నేనూ టీవీ మానేస్తానయ్యగోరూ! నాకింక ఆపరేషనొద్దు!"

సుగుణమణి ఆ ముసలాయన తెల్లబడిన కళ్ళ వైపు చూసింది. అబద్ధం తన ఒక్కదాని మెడకే చుట్టుకుని ఉంటే మోసేదేమో. అయ్యగారు సంతోషంతో వెలిగిపోతూ మైకు ఆమె చేతికిచ్చాడు.

"సాక్ష్యం చెప్పు సుగుణా. ఈ నెలంతా టీవీ పెట్టలేదు కదా?"

అందరూ ఆమె మొహంలోకి చూస్తూ ఆగారు. లేదండీ అంటే చాలు, మొగుడి పరువు నిలుస్తుంది, క్రిస్మస్ నిలుస్తుంది. ఒకటి, రెండు, మూడు. ఆమె కవరు గుండెకి అదుముకుంది. ఆ గుండె కొట్టుకోవడం నాకు బొత్తాం బొత్తానికీ తెలిసింది. ఎనిమిది, తొమ్మిది.

"పెట్టానండీ."

నన్ను బయటికి తీసి బల్ల మీద ఉంచింది. "రోజూ పెట్టాను. బైబిలనుకుని ఇవాళ దీన్ని తెచ్చాను. చదవలేదు, కంఠతా వచ్చు గనక ఒప్పజెప్పాను. తాతా, నువ్వు ఆపరేషను చేయించుకో." మైకు దించబోయి మళ్ళీ ఎత్తింది. "క్రిస్మస్ సినిమాలండీ. బాగుంటాయి. వాటిల్లో ఆడపిల్లని అడుగుతారు. అడిగి, చెప్పేదాకా ఆగుతారు."

వెనక నుంచి లీయమ్మ లేచింది. "నేనూ చూశానయ్యగోరూ. తుపాను చూద్దామన్నది నేనే."

అయ్యగారు మైకు వెనక్కి తీసుకున్నాడు. ఆ ఏడు క్రిస్మస్ ప్రసంగం పదకొండు నిమిషాల్లో ముగిసింది. అసలు అద్భుతం అదేనని సంఘం ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఇప్పుడు నా వెనక మూత ఊడిపోయింది, బ్యాటరీలు జారకుండా రబ్బరు బ్యాండు వేశారు. రెండో నంబరు బొత్తాం పలకదు. రేపో మాపో పాత సామాన్లవాడి తక్కెడెక్కుతాను, అందుకు విచారం లేదు. నేను తలుచుకునేది ఆ క్రిస్మస్ మధ్యాహ్నమే. భోజనాలయ్యాయి. ఆమె ఎంగిలి కంచాలు తీస్తూ కళ్ళు తుడుచుకుంది. రెండవుతుండగా అయ్యగారు నన్ను తెచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"నిన్నటిది ఇవాళ మళ్ళీ వేస్తారంట, లీయమ్మ చెప్పింది. నేనూ కూచుని చూడనా సుగుణా?"

అడిగి, ఆగాడు. ఆమె తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. జవాబు ఆమె కళ్ళలో అప్పుడే కనపడుతోంది. అయినా వెంటనే చెప్పలేదు. నేను లెక్కపెట్టాను, పూర్తిగా పది.