కోటు లేని ఫొటో

బెంగళూరులో ఆ ఫొటో ప్రదర్శనకు మేం వెళ్లింది ఒక ఆదివారం పొద్దున. పెళ్లయిన కొత్త కదా, నాకు ప్రతిదీ ముచ్చటగానే ఉంటోంది. గ్యాలరీ చెక్కనేల మీద నా మెట్టెలు టక్కుటక్కుమంటుంటే కావాలనే ఇంకో చుట్టు తిరిగాను. మా ఆయన మురళి రెండు కాఫీ కప్పులు పట్టుకుని నా వెనకే వస్తున్నాడు.

ఒక వెబ్ పత్రికకు నేను ప్రదర్శనల మీద సమీక్షలు రాస్తాను. హిందూపురం నుంచి రైల్లో వచ్చి, చూసి, సాయంత్రానికి ఇల్లు చేరుకుంటాం. ఈసారివి మా వైపు ఫొటోలే. ధర్మవరం, బెంగళూరు మధ్య ప్యాసింజరు రైళ్లలో తిరిగే మనుషులవి. తీసినాయన రఘునాథ్. కదిరి నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డాడు.

"ఇదేంది ప్రేమా, అంతా నల్లగా ఉండాది? కరెంటు పోయినప్పుడు తీసినాడా?"

"రాత్రిపూట ప్లాట్‌ఫారమండీ అది."

"అదే నేను చెప్పేది. దీనికి ఫ్రేము గూడానా!"

నవ్వుకుంటూ పక్క గోడ వైపు తిరిగాను. అక్కడ మా నాయన ఉన్నాడు.

కిటికీకి తల ఆనించి, నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతున్నాడు. భుజం మీద తువ్వాలు, ఒళ్లో స్టీలు క్యారియరు. కిటికీ అవతల పసుపు బోర్డు మీద పెనుకొండ అని మూడు భాషల్లో రాసి ఉంది.

నాయన ధర్మవరంలో మగ్గం నేసేవాడు. రోజూ పెనుకొండ నుంచి రైల్లో పోయి వచ్చేవాడు. అలసిపోయి ఎన్నోసార్లు మా స్టేషను దాటిపోయేవాడు. హిందూపురంలో కళ్లు తెరిచి అమ్మకు ఫోను చేసేవాడు. పోయిన ఏడాది చనిపోయాడు. ఇంట్లో పెద్దవాళ్లు పోతే ఏడాదిలోపు ఆడపిల్ల పెళ్లి చేసేయాలి, లేకుంటే మూడేళ్లు ఆగాలంటారు మా వైపు. అందుకని వెంటనే సంబంధం చూశారు. చీరలు, పిలుపులు, మేళాల సందడిలో ఏడవడానికి నాకు తీరిక దొరకలేదు. తీరిక దొరికాక ఏడుపు రాలేదు.

ఇప్పుడూ రాలేదు. ఫ్రేము అద్దంలో ట్యూబులైటు మెరుస్తోంది, కొంచెం పక్కకు తగిలించి ఉండాల్సింది అనుకున్నాను.

"మామ గదా?" అన్నాడు మురళి. నాయన బతికుండగా తను చూడనే లేదు. "ముక్కు నీదే."

పెనుకొండలో మా ఇంటి గోడ మీదున్న ఫొటోలో ఆ ముక్కు కనపడదు. నాయనకు విడిగా ఫొటో లేకపోతే, స్టూడియోవాళ్లు ఆధార్ కార్డులోంచి తల తీసి నల్లకోటు, ఎర్రటై తగిలించారు. ముఖం నున్నగా చేసేశారు. అమ్మ దాన్ని చూసి, "ఈ కోటు ఏసుకున్న ఆయప్ప ఎవురో నాకు తెలీదు" అంది. పోయినవాళ్ల ఫొటోకు బొట్టు పెట్టి దండ వేయాలి కదా, అదీ చేయనివ్వలేదు. సంవత్సరీకం దగ్గర పడింది. అమ్మ ఒప్పుకునే ఫొటో ఒక్కటి దొరికితే చాలు నాకు.

హాల్లోనే ఉన్న రఘునాథ్‌కు అది మా నాయన ఫొటో అని చెప్పి, ఒక కాపీ అడిగాను. ఆయన నా ముఖం చూసి, "పేరు అడుగుదామనుకున్నానండీ. నిద్రలో ఉంటిరి" అన్నాడు.

"నల్లప్ప" అన్నాను.

వారంలోగా ఆయన పంపిన ఫొటో తీసుకుని పెనుకొండ వెళ్లాం. చిన్నాయన లింగప్ప దండ, కుంకుమ భరిణె సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మ ఫొటోను గడప దగ్గర వెలుతురులోకి పట్టుకెళ్లి చూసింది.

"ఏమ్మే, ఇది తీసినోడు ఎదురుగ్గానే కూచోనుండాడు గదా? బోర్డు కనపడల్యా వానికి? పెనుకొండ వచ్చిందప్పా, లెయ్యి అంటే వాని నోరు అరిగిపోతాదా?"

"నాయన యాడ దిగాలో ఆయప్పకు ఎట్లా తెలుస్తాది మా?"

"అడగాల. పండుకునేవాళ్లను మనం అడగమా, యాడ దిగాలప్పా అని?"

"వదినా," అన్నాడు చిన్నాయన మెల్లగా, "అన్నే గదా. ఇంక బొట్టు పెట్టనీ."

"నిద్దరబోయే మనిషికి బొట్టెట్లా పెడతావు లింగప్పా?"

అమ్మ కొంగుతో ఫొటో తుడిచి, నాయన మంచం పక్క మేకుకు తగిలించింది. తిరిగొచ్చి గోడ మీది కోటు ఫొటో చూపించింది.

"ఆయప్పకు పెట్టుకోండి. ఆయప్ప పోయినాడు, సరే."

బొట్టు నేనే పెట్టాను. వేలికి అద్దం చల్లగా తగిలింది. అంతే.

హిందూపురం వచ్చి సమీక్ష రాశాను. వెలుతురు బాగుందని, ముఖాల్లో అలసట చక్కగా పట్టుకున్నారని రాశాను. చివర ఒక లోపం కూడా రాశాను. ఆ నిద్రపోతున్న ప్రయాణికుణ్ణి ఫొటో తీశాకైనా లేపి ఉండాల్సింది అని. ఎడిటరు ఆ వాక్యం తీసేసి మిగతాది వేశాడు.

"ఎందుకు తీసేసినారో అడుగుదామా వాళ్లను?" అన్నాడు మురళి.

వద్దన్నాను. తను బజారు నుంచి మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. వేడిగా ఉన్నాయి. బాగున్నాయి.